హెవీ మెటల్ టెస్ట్ కిట్, డిటాక్స్ చుక్కలు కొనబోతున్నారా? కాస్త ఆగండి

మా అన్నయ్యకి కాళ్ళలో తిమ్మిర్లు, చేతుల్లో కొద్దిగా వణుకు మొదలయ్యాయి. ఇంట్లోనే చేసుకునే హెవీ మెటల్ టెస్ట్ కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ముందు ఒక క్యాప్సూల్ మింగాలి, ఆ తర్వాత కొన్ని గంటల పాటు మూత్రం పట్టి పంపాలి. రిపోర్టులో సీసం, పాదరసం రెండింటికీ పొడుగాటి ఎర్ర గీతలు! వెంటనే కిట్ అమ్మిన కంపెనీ నుంచి ఫోన్లు మొదలు. నరాలు దెబ్బతింటున్నాయట, ఆలస్యం చేయకుండా వాళ్ళ డిటాక్స్ చుక్కలు నెలల తరబడి వాడాలట. ఇంటిల్లిపాదికీ టెన్షన్.

కిటుకంతా ఆ క్యాప్సూల్‌లో ఉంది. దాని మీద డీఎంఎస్ఏ అని రాసి ఉంది. అది కీలేషన్ మందు, అంటే ఒంట్లో ఉన్న లోహాలను పట్టుకుని మూత్రంలోకి తోసేది. అంతో ఇంతో సీసం, పాదరసం లేని మనిషి ఉండడు కాబట్టి అది మింగితే ఎవరి మూత్రంలోనైనా ఆ అంకెలు పెరుగుతాయి. రిపోర్టులో పక్కన వేసిన నార్మల్ రేంజ్ మాత్రం ఏ మందూ వేసుకోని వాళ్ళది. ఇక ఎర్ర గీత రాకుండా ఎలా ఉంటుంది? ఇలా మందు ఇచ్చి చేసే పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని విషాలకు వైద్యం చేసే డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ ఎప్పుడో తేల్చి చెప్పింది.

న్యూరాలజిస్ట్ ఆ రిపోర్టు పక్కన పెట్టి, ముందు ఏం పని చేస్తారని అడిగారు. తర్వాత మామూలు రక్తపరీక్షలు రాశారు. సీసం నార్మల్. బాగా తక్కువగా ఉన్నది విటమిన్ బి12. అది లోపించినా తిమ్మిర్లు వస్తాయి, వైద్యం ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. డబ్బు సంగతి సరే, చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే అసలు జబ్బు లోపల ముదిరేది.

లోహాల వల్ల నరాలకు ముప్పు లేదని కాదు. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన నరాల జబ్బుకు కారణం పాదరసమే. మాంగనీస్ పొగ ఏళ్ళ తరబడి పీల్చిన వెల్డర్లకు పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు రావచ్చు. పిల్లల మెదడుకు ఇంత సీసం ఫరవాలేదు అనే హద్దే లేదు. బ్యాటరీలు, పాత పెయింట్లు, లోహాలు కరిగించే పని, ఇలాంటివాటితో సంబంధం ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. సీసానికి చేయాల్సింది రక్తపరీక్ష. ఆర్సెనిక్‌కి మూత్రపరీక్షే, కానీ ముందు కొన్ని రోజులు చేపలు, రొయ్యలు మానాలి. వాటిలో హాని చేయని ఆర్సెనిక్ రకం ఉంటుంది, అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

కీలేషన్ కూడా ఆటవస్తువు కాదు. అమెరికాలో 2003, 2005 మధ్య ముగ్గురు, వాళ్ళలో ఇద్దరు పిల్లలు, డైసోడియం ఈడీటీఏ అనే మరో కీలేషన్ మందు ఎక్కించాక రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయారు. సీసానికి వాడే కాల్షియం ఈడీటీఏ వేరు, ఇది వేరు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మే కీలేషన్ ఉత్పత్తులు వేటికీ అనుమతి లేదని 2010లోనే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలను హెచ్చరించింది. అన్నిటికీ మించి, సీసం ఎక్కువున్న పిల్లలకు డీఎంఎస్ఏ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం 2001లో వచ్చింది. రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు.

చుక్కలు వేసుకున్నాక నీరసం, తలనొప్పి వస్తే "విషం బయటికి పోతోంది" అంటారు. తగ్గితే మందు గొప్పదనం, పెరిగినా మందు గొప్పదనమే! డబ్బు వెనక్కి అడిగితే మాకు వచ్చిన జవాబు: క్యాప్సూల్ వాడేశారు కాబట్టి కుదరదు. ఇదే తరహా కిట్ ఇప్పటికే కొన్నవాళ్ళు రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాలు చూడండి. "ఇది రోగనిర్ధారణకు ఉద్దేశించినది కాదు" అని మా దాంట్లో ఉంది.