‘నైలాన్ షెల్’ అని రాసుంటే నమ్మకండి, నేను నమ్మి బోర్లా పడ్డాను

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. అక్షరదోషాలుంటే క్షమించండి.

ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే గన్‌లతో ఆడే ఆట) సామాన్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఆ సెల్లర్ తెలియకుండా ఉండడు. ప్రతి మెసేజ్‌కీ ‘బ్రదర్’ తగిలిస్తాడు, ప్రతి వస్తువుకీ ‘మిలిటరీ గ్రేడ్’ తగిలిస్తాడు. అవును, అతనే. అతని దగ్గర సైనికులు పెట్టుకునే ఫాస్ట్ మోడల్ హెల్మెట్‌కి రెప్లికా, అంటే నకలు ఒకటి, దానికి తోడు ‘అప్‌గ్రేడ్ కిట్’ ఒకటి తీసుకున్నాను. మూడో ఆటకే హెల్మెట్ నుదురు ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. డబ్బు పోయినందుకు కాదు ఈ ఏడుపు. పోయాక అతను చేసిన పనికి.

కథ తొందరగా చెప్పేస్తాను. సెలవు రోజుల్లో పెరట్లో ఆడుకుంటాం. నేను, మా బావమరిది, వాడి స్నేహితులు ఇద్దరు. గన్‌లన్నీ ఒక్క జౌల్ శక్తి లోపే, అంటే 0.20 గ్రాముల బీబీ (ఆ ప్లాస్టిక్ గుండు) సెకనుకి 328 అడుగుల వేగం దాటదు. నాకు తూటాలాపే హెల్మెట్ అక్కర్లేదు. బీబీ నెత్తిమీద చురుక్కుమనకుండా, చెట్టుకొమ్మ తగిలి బొప్పి కట్టకుండా ఆపితే చాలు. కాకపోతే నుదుటి మీద చిన్న యాక్షన్ కెమెరా తగిలించుకుని ఆట రికార్డు చేయాలని ఒక కోరిక. అక్కడే దొరికిపోయాను.

ఫాస్ట్ హెల్మెట్ చూసినవాళ్ళకి తెలుసు, ముందు నుదుటి దగ్గర ఒక ప్లేటు ఉంటుంది, ష్రౌడ్ అంటారు. అసలు సైనికులు దానికి నైట్ విజన్ తగిలిస్తారు, మనలాంటివాళ్ళు కెమెరా తగిలిస్తాం. బరువంతా ఆ ప్లేటు బోల్టుల మీదా, వాటి చుట్టూ ఉన్న షెల్, అంటే హెల్మెట్ గట్టి పైడిప్ప మీదా పడుతుంది. కాబట్టి షెల్ దేనితో చేశారన్నదే అసలు ప్రశ్న. చౌక రెప్లికాలు చాలావరకు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. ఏబీఎస్ చెడ్డ ప్లాస్టిక్ అనడం లేదు, బీబీలకు బాగానే తట్టుకుంటుంది. కానీ దాని జాతకం వేరు, గ్లాస్ ఫిల్డ్ నైలాన్ (గాజు నార కలిపిన నైలాన్) జాతకం వేరు. ఒకదానికి పడే మందు ఇంకొకదానికి పడదు.

అందుకే కొనకముందే అడిగాను. లిస్టింగ్‌లో రెండో లైనులో ‘గ్లాస్ ఫిల్డ్ నైలాన్ షెల్’ అని ఉన్నా మళ్ళీ అడిగాను. కెమెరా పెడతానని చెప్పాను, గరుకు కాగితంతో రుద్ది పెయింట్ వేస్తాననీ చెప్పాను. రెండు నిమిషాల్లో జవాబు: ‘ప్యూర్ నైలాన్ బ్రదర్. పైన కారు ఎక్కించినా ఏం కాదు. పెయింట్ వేస్తానంటున్నావు కదా, మన అప్‌గ్రేడ్ కిట్ తీసుకో, అన్నీ అందులోనే ఉంటాయి.’ గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. కిట్ కూడా తీసుకున్నాను.

కిట్‌లో ఏడు మెమరీ ఫోమ్ ప్యాడ్లు, నాలుగు చోట్ల బిగించే గడ్డం పట్టీ, కొత్త బోల్టులు నట్లు, మ్యాట్ స్ప్రే డబ్బా, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే మందు) ఉన్న చిన్న సీసా. ఒక కాగితం కూడా పెట్టాడు: ‘ప్రతి బోల్టుకీ రెండు చుక్కలు వేసి గట్టిగా బిగించండి.’ ఈ కాగితం సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండు సాయంత్రాలు దాంతోనే గడిచాయి. దాచడం ఎందుకు, ఆ రెండు సాయంత్రాలూ చాలా హాయిగా ఉన్నాయి. హెల్మెట్‌తో వచ్చిన పాత ప్యాడ్లు గిన్నెలు తోమే స్పాంజి కన్నా హీనం. పీకితే వాటితోపాటు వెల్క్రో బిళ్ళలు కూడా జిగురుతో సహా ఊడొచ్చాయి. ఆ జిగురంతా గోటితో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, కొత్త వెల్క్రో అంటించి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేశాను. ప్యాడ్లు సర్దడంలో ఒక్క కిటుకు ఉంది. నడినెత్తిన గుండ్రటిది ముందు పెట్టుకుని, తర్వాత నుదురు, వెనక, చివరికి పక్కలు. మధ్యలో వేలు పట్టేంత సందు వదలకపోతే పది నిమిషాల్లో లోపల చెమటతో చెరువే. పాత పట్టీకి రెండు వైపులా ఒక్కో బోల్టే, పరిగెడితే హెల్మెట్ కళ్ళమీదికి జారేది. నాలుగు చోట్ల బిగించే పట్టీ వేశాక తల ఎంత ఊపినా కదలలేదు. వెనక చిన్న సంచీలో కాస్త బరువు పెడితే ముందు కెమెరాకి సరితూగింది కూడా.

షెల్ మీద ఆ బొమ్మల కొట్టు మెరుపు పోవాలని 400 నంబరు కాగితంతో తడిపి రుద్దాను. పలచగా మూడు పూతలు, మొదటి రెండింటి మధ్యలో సన్నటి ఇసుక చల్లాను. ఆరాక చేత్తో నిమిరితే గరగరలాడుతూ, వెలుతురులో పెడితే కాస్త కూడా మెరవకుండా ఉంది. మా బావమరిది చూసి ‘బావా, ఇది నిజందేమో అనుకుంటారు’ అన్నాడు. వాడు నన్ను మెచ్చుకోవడం ఏడాదికి ఒకసారి జరుగుతుంది. పైన పటారం లోన లొటారం అని ఇద్దరికీ తెలియదప్పుడు.

చివరికి ష్రౌడ్. కాగితంలో చెప్పినట్టే బోల్టుకి రెండు చుక్కలు వేశాను. గట్టిగా బిగించమన్నాడని గట్టిగానే బిగించాను. మందు కొంచెం బయటికి కారింది, తుడిచాను, పూర్తిగా తుడవలేదు. రెండు ఆటలు బాగానే జరిగాయి. మధ్యలో ఒకసారి బోల్టు చుట్టూ వెంట్రుకంత గీత కనిపించింది, పెయింట్ చీలిందిలే అనుకున్నాను. అనుకున్నానా! కొత్త పెయింట్ బోల్టు దగ్గర మాత్రమే ఎందుకు చీలుతుందని బుర్ర పెట్టి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది.

మూడో ఆటలో ఒక పొద కింద నుంచి వంగి లేస్తున్నాను. ‘టక్’మని చిన్న చప్పుడు. ఎవరో నన్ను కొట్టారనుకుని చెయ్యెత్తి ‘అవుట్’ అని అరిచాను కూడా. చూస్తే కెమెరా, ష్రౌడ్, దానితోపాటు అరచేతి వెడల్పు షెల్ ముక్క, మూడూ నా బూటు మీద పడి ఉన్నాయి. ఎండిన గోడ నుంచి పెళ్ల ఊడినట్టు ఊడింది. విరిగిన అంచుల్లో, బోల్టు రంధ్రాల చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి పగుళ్ళు. కళ్ళద్దాలు లేకపోతే ఆ అంచు ఎక్కడ గీసుకునేదో ఆలోచించడం కూడా ఇష్టం లేదు.

నైలాన్ ఇలా విరగదే అని ఇంటికొచ్చి ఆ ముక్కతో రెండు పరీక్షలు చేశాను. అసిటోన్ ఉన్న గోళ్ళరంగు రిమూవర్ దూదికి అద్ది విరిగిన వైపు రుద్దితే అర నిమిషంలో జిగటగా తయారై దూది అంటుకుపోయింది. తర్వాత ఒక గ్లాసు నీళ్ళలో ఇక కరగదన్నంత ఉప్పు కలిపి చిన్న ముక్క వేశాను. తేలింది. గ్లాస్ ఫిల్డ్ నైలాన్ అయితే రాయిలా మునగాలి, అసిటోన్‌కి చలించకూడదు. ఇది నైలాన్ మాత్రం కాదు, ఏబీఎస్సే అయ్యుండాలి.

ఇక సీసా సంగతి. థ్రెడ్ లాకర్ గాలి తగలని చోట, లోహానికీ లోహానికీ మధ్యే గట్టిపడుతుంది. బయటికి కారింది తడిగానే ఉండిపోతుంది. ఆ తడి ఏబీఎస్, పాలీకార్బనేట్ లాంటి వాటి మీద, అందులోనూ బోల్టు బిగింపుకి ఒత్తిడిలో ఉన్నచోట పడితే లోపల్లోపల పగుళ్ళు లేపుతుంది. నైలాన్ అయితే చాలావరకు తట్టుకునేది. అంటే ఏమైందో చూడండి: ఏబీఎస్‌ని నైలాన్ అని అమ్మినవాడే, ఏబీఎస్‌కి పడని మందు కూడా అమ్మి, రెండు చుక్కలు వేసి గట్టిగా బిగించమని కాగితం రాసిచ్చాడు. జబ్బూ అతనిదే, మందూ అతనిదే.

ఫొటోలు పెట్టాను. మర్యాదగానే రాశాను, ‘నమస్తే’తో మొదలుపెట్టాను కూడా. జవాబు: ‘పెయింట్ వేశావు కదా బ్రదర్. మాడిఫై చేస్తే రిటర్న్ లేదు.’

పెయింట్ మీరిచ్చిందే, కిట్ మీరిచ్చిందే, కాగితం మీరిచ్చిందే అన్నాను. ‘కిట్ కొనమని బలవంతం చేశానా?’ అన్నాడు.

సరే, అది వదిలేయండి, లిస్టింగ్‌లో నైలాన్ అని ఉంది, ఇది ఏబీఎస్ అన్నాను. పరీక్షల ఫొటోలు కూడా పెట్టాను. అక్కడ ఆగింది. చూసినట్టు గుర్తు పడింది. ‘టైపింగ్’ అని వస్తుంది, పోతుంది, వస్తుంది, పోతుంది. పది నిమిషాలైనా జవాబు లేదు. పాపం ఏం రాయాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, నవ్వకండి.

ఈలోపు లిస్టింగ్ తెరిచాను. రెండో లైను అలాగే ఉంది, ‘గ్లాస్ ఫిల్డ్ నైలాన్ షెల్’. అప్పుడు స్క్రీన్‌షాట్ తీయాలా వద్దా? తీయాలి. నేనేం చేశాను? ‘ఇదిగో చూడు, ఎంత స్పష్టంగా రాశాడో’ అంటూ ఫోన్ తీసుకెళ్ళి మా బావమరిది చేతిలో పెట్టాను. వాడు వేలితో తెరని కిందికి లాగాడు. పేజీ ఒక్కసారి తిరిగి తెరుచుకుంది. రెండో లైను మా ఇద్దరి కళ్ళముందే మారిపోయింది: ‘హై గ్రేడ్ టాక్టికల్ మెటీరియల్’. ‘ఏది బావా, నైలాన్ అని ఎక్కడుంది?’ అని వాడు అడుగుతూనే ఉన్నాడు. నా దగ్గర మాట లేదు.

చాట్ తెరిస్తే అక్కడా అంతే. ‘ప్యూర్ నైలాన్ బ్రదర్’ అన్న మెసేజ్ ఉండాల్సిన చోట ‘ఈ మెసేజ్ తొలగించారు’ అని ఉంది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది, గోడతో మాట్లాడినవాడిలా. అంతా తుడుచుకున్నాక అప్పుడు వచ్చింది జవాబు: ‘లిస్టింగ్ సరిగ్గా చదువుకో బ్రదర్. బొమ్మ హెల్మెట్ కొని బోర్డర్‌కి వెళ్తావా?’ పక్కన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు మూడు. తర్వాత బ్లాక్.

ఆ పది నిమిషాలూ అతను జవాబు వెతుక్కోలేదు, సాక్ష్యం చెరుపుకున్నాడు. డబ్బు తిరిగి ఇవ్వనని మొహం మీద చెప్పి ఉంటే నాలుగు తిట్టుకుని వదిలేసేవాణ్ణి. ఆ నవ్వే బొమ్మలే నిద్రపట్టనివ్వడం లేదు.

మిలిటరీ గ్రేడ్ అట! 1941లో వచ్చిన అమెరికా సైన్యం ఎం1 హెల్మెట్ ఉక్కు. 1980ల్లో దాని స్థానంలోకి వచ్చింది కెవ్లార్ అనే గట్టి నారతో చేసింది. ఇతని గ్రేడ్ ఏ సైన్యానిదో, ఆ సైన్యం ఎవరితో పోరాడుతుందో, రెండు చుక్కల మందుకే లొంగిపోయింది.

నా తప్పు లేదనను. సీసా మీద చీమంత అక్షరాలతో ప్లాస్టిక్ మీద వాడేముందు పరీక్షించండి అని ఉంది. ఎప్పుడు చదివాను? విరిగాక, భూతద్దం పెట్టుకుని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నాకు పోటీ లేదు. అతని ‘బ్రదర్’ పిలుపుకి పొంగిపోయి పాత కొనుగోలుదార్ల రివ్యూలు కూడా కిందిదాకా చదవలేదు. ఇప్పుడు చదివితే ఒకతను ‘నుదుటి దగ్గర పగులు’ అని ఒక్క లైను రాసి ఉన్నాడు. నాకంటే ముందు పడినవాడు చెప్పే పోయాడు, నేనే వినలేదు.

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. డబ్బు కట్టకముందే లిస్టింగుకీ చాట్‌కీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. హెల్మెట్ రాగానే, రుద్దకముందు, రంగు వేయకముందు, లోపల ప్యాడ్ కింద కనపడని చోట అసిటోన్ ఒక్క చుక్క వేసి చూడండి. ప్లాస్టిక్ షెల్‌కి థ్రెడ్ లాకర్ వద్దు, లోపల వెడల్పు వాషర్ వేసి నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని నట్) పెడితే చాలు, అదీ ప్రాణం పోయేలా బిగించకండి. కళ్ళద్దాలు జెడ్87+ గుర్తు (గట్టి దెబ్బకి తట్టుకుంటాయని పరీక్షించిన గుర్తు) ఉన్నవే పెట్టుకోండి, హెల్మెట్ ఎంత గొప్పదైనా కళ్ళని కాపాడదు.

ప్యాడ్లూ పట్టీ మాత్రం బాగున్నాయి, ఆ మాట కూడా చెప్పాలి. ఇంకో షెల్ దొరికితే వాటిని దానిలోకి మారుస్తాను.

మీలో ఎవరైనా ఆ లైను మారకముందు ఆ హెల్మెట్ లిస్టింగ్ చూసి, ధర చూపించడానికో ఇంకెందుకో స్నేహితులకి ఫొటో పంపి ఉంటే, ఆ ఫొటోలో రెండో లైను కనిపిస్తుంటే, దయచేసి నాకు పంపండి. ప్లాట్‌ఫామ్ వాళ్ళు ఆధారం అడుగుతున్నారు. నా దగ్గర విరిగిన ముక్క ఉంది, మా బావమరిది సాక్ష్యం ఉంది, ఆ ఒక్క లైనే లేదు.