రిబుల్‌హెడ్: 24 కమానులు, ఒక చలి గది

రాత్రి తొమ్మిదింటికే హీటర్ ఆపేసే గదికి 118 పౌండ్లు ఇచ్చాను. ఈ ముక్క ముందే కక్కేస్తే గానీ, అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లోని రిబుల్‌హెడ్ రైలు వంతెన చూసొచ్చిన సంగతి రాయలేను.

ఫ్యామిలీ రూమ్ అన్నారు. తీరా చూస్తే డబుల్ కాట్, దాని పక్కన కిర్రుమనే మడత మంచం. ఇంకో దుప్పటి అడిగితే గది ఇచ్చినావిడ నవ్వుతూనే 5 పౌండ్లు అంది. అమ్మ చీర మీద స్వెట్టర్, దాని మీద నా జాకెట్ వేసుకుని, "ఈ డబ్బుకి తిరుపతి వెళ్లొచ్చేవాళ్లం కదరా" అంది. మడత మంచం మీద పడుకున్న నాన్న పొద్దుటిదాకా నాతో మాట్లాడలేదు.

పొద్దున్న రైలు హాయిగా సాగింది. రిబుల్‌హెడ్ స్టేషన్‌లో దిగి పావుగంట నడిచాం. చాలామంది రైల్లోనే వంతెన దాటేసి చూశామనుకుంటారు. పైనుంచి ఏమీ కనపడదు, దిగాల్సిందే.

400 మీటర్ల పొడవు, 32 మీటర్ల ఎత్తు. స్తంభాలు సున్నపురాయి, కమానుల లోపలి వైపు ఇటుక. నాన్న వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "ఆరో స్తంభం లావుగా ఉందేంట్రా?" అన్నారు. ఒక కమాను కూలితే మిగతావన్నీ పేకమేడలా పడిపోకుండా ప్రతి ఆరో స్తంభాన్నీ లావుగా కట్టారట. మిడ్‌లాండ్ రైల్వే ఇంజనీరు జాన్ క్రాస్లీ డిజైన్ అది. పని 1870లో మొదలైంది. కూలీలు ఈ బురద నేలలోనే గుడిసెలు వేసుకుని పెళ్లాం పిల్లలతో ఉన్నారు. ఒక పేటకి సెబాస్టపోల్, ఇంకోదానికి జెరికో అని పేర్లు. ప్రమాదాలు, మశూచి కలిసి ఎంతమందిని తిన్నాయంటే, చాపెల్-లె-డేల్ చర్చి శ్మశానంలో చోటు చాలక పెంచాల్సి వచ్చింది. ఆ గుడిసెలున్న చోట ఇప్పుడు గడ్డిలో మిట్టలు, గొర్రెలు.

నాన్నది రాజమండ్రి. "మన హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు. అదీ విక్టోరియా రాణిగారి కాలందే, 1900లో తెరిచారు" అన్నారు, గొప్పగా. దాని మీద 1997లో రైళ్లు ఆపేశారు. ఈ రిబుల్‌హెడ్ వంతెననీ 1980ల్లో, రిపేరు ఖర్చు భరించలేమంటూ లైనుతో సహా మూసేద్దామనుకున్నారు. జనం పట్టుబట్టడంతో 1989లో ఆ ఆలోచన మానుకున్నారు. నేను ఈ సంగతి చెప్పాక నాన్న చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయారు.

లీడ్స్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయండి, రాత్రి ఉండకండి. రైళ్లు తక్కువ, తిరుగు బండి టైము ముందే చూసుకోండి. గాలికి టోపీ నిలవదు. అమ్మ తెచ్చిన పులిహోర గోడ చాటున కూర్చుని తింటుంటే పైన రెండు పెట్టెల బండి వెళ్లింది. నాన్న చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డారు.