లడ్లోనా, రిచ్‌మండా? ఒక్క రోజుంటే ఏ కోట ఊరు చూడాలి

శిథిలమైన కోట, దగ్గర్లోనే సంత, చుట్టూ పాత వీధులు. ఇంగ్లాండులో ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నా, ఎవరైనా అడిగితే నేను చెప్పేవి రెండే: వేల్స్ సరిహద్దు దగ్గర ష్రాప్‌షైర్‌లోని లడ్లో, నార్త్ యార్క్‌షైర్‌లోని రిచ్‌మండ్. (లండన్ రిచ్‌మండ్ వేరు, టికెట్ కొనేముందు చూసుకోండి.) ఒక్క రోజే తీరిక ఉంటే నా ఓటు లడ్లోకే.

లడ్లోలో సంత సరిగ్గా కోట గుమ్మం ముందే జరుగుతుంది. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో అంగళ్లు పెడతారు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే కోట లోపల ఉంటాం. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేసేది ఆవరణ మధ్యలో ఉన్న 12వ శతాబ్దపు గుండ్రటి చాపెల్. పైకప్పు ఎప్పుడో పోయింది, గోడ మాత్రం చుట్టూ నిలిచి ఉంది. వాకిలి కమాను మీద వంకీలు వంకీలుగా చెక్కిన రాతి పని దగ్గరికెళ్లి చూడండి. తొమ్మిది వందల ఏళ్ల వానకు అంచులు అరిగాయి గానీ పనితనం తెలుస్తూనే ఉంది.

1502లో యువరాజు ఆర్థర్ పదిహేనేళ్ల వయసులో చనిపోయింది ఈ కోటలోనే. అతను బతికుంటే తమ్ముడు ఎనిమిదో హెన్రీకి సింహాసనం దక్కేది కాదు, ఇంగ్లాండు చరిత్రే మరోలా ఉండేది.

మనవాళ్లు లడ్లోకి వెళ్లాలనడానికి ఇంకో కారణం ఉంది. 1811లో ఈ శిథిలాలను ప్రభుత్వం నుంచి కొన్నది ఎడ్వర్డ్ క్లైవ్. ఉత్తర సర్కారులను 1765లో మొగలు ఫర్మానాతో ఈస్టిండియా కంపెనీకి రాయించుకున్న రాబర్ట్ క్లైవ్ కొడుకు ఈయన. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాము దత్త మండలాలను, అంటే ఇప్పటి రాయలసీమలో చాలా భాగాన్ని, కంపెనీకి వదిలేసింది ఈయన హయాంలోనే. కోస్తావాళ్లయినా సీమవాళ్లయినా ఇది తెలిసి ఆ గోడల మధ్య నడిస్తే చూపు మారుతుంది. పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి.

రిచ్‌మండ్ బలం దాని ఎత్తు. కోట కట్టడం మొదలైంది 1070ల్లో. సుమారు వంద అడుగుల బురుజు పైకెక్కితే ఒకపక్క స్వేల్ నది, ఇంకోపక్క రాళ్లు పరిచిన పెద్ద సంత మైదానం మొత్తం కనిపిస్తాయి. ఈ విషయంలో లడ్లో దీనికి సాటిరాదు. అయితే పెద్ద సంత శనివారమే. మెట్లూ, వాలూ ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే ఇబ్బంది.

ఇక్కడ నా మనసును పట్టుకున్నది వేరే కథ. 1916లో యుద్ధం చేయబోమన్న పదహారు మందిని ఈ కోట గదుల్లో బంధించారు. తర్వాత ఫ్రాన్సుకు పంపి మరణశిక్ష వేసి, దాన్ని పదేళ్ల కఠిన శిక్షగా తగ్గించారు. ఆ గదుల గోడల మీద ఖైదీల పెన్సిల్ రాతలు, బొమ్మలు ఇంకా ఉన్నాయి. సున్నం పెళుసుబారడంతో మామూలుగా లోపలికి పోనివ్వరు, ఎగ్జిబిషన్‌లో ఆ కథ చూడొచ్చు.

ప్రయాణం లడ్లోకే సుఖం. ష్రూస్‌బరీ, హెరెఫోర్డ్ మధ్య లైన్లో స్టేషన్ ఉంది, దిగి నడిచి వెళ్లిపోవచ్చు. రిచ్‌మండ్ స్టేషన్ 1969లోనే మూతపడింది, డార్లింగ్టన్‌లో దిగి బస్సెక్కాలి.

న్యూకాజిల్, మిడిల్స్‌బ్రో వైపు ఉండేవాళ్లు మాత్రం లడ్లో కోసం అంత దూరం పడి వెళ్లనక్కర్లేదు. శనివారం రిచ్‌మండ్ వెళ్లండి. పొద్దున సంత, కోట అయ్యాక నది ఒడ్డున మైలు దూరం నడిస్తే ఈస్బీ మఠం శిథిలాలు వస్తాయి. దానికి టికెట్ లేదు. పక్కనే ఉన్న చిన్న చర్చిలో 13వ శతాబ్దపు గోడ చిత్రాలున్నాయి, అవి చూడకుండా వెనక్కి రావద్దు.