కెంటకీలో రై విస్కీ వెంట

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో రాజ్యం బోర్బన్‌ది, అంటే ప్రధానంగా మొక్కజొన్నతో చేసే విస్కీది. డిస్టిలరీల్లో రుచి చూపించడానికి పెట్టే గ్లాసుల్లో రై (గోధుమలాంటి రై ధాన్యంతో చేసే విస్కీ) ఒకటి ఉంటే గొప్ప. కొన్నిచోట్ల అడిగితేనే పోస్తారు. అందుకే లూయీవిల్‌లో మకాం పెట్టి, పగలు డిస్టిలరీలు చూసి, సాయంత్రాలు బార్లకు కేటాయించాం. నన్నడిగితే సాయంత్రాలే ఎక్కువ నేర్పాయి.

అమెరికా చట్టం ప్రకారం రై విస్కీ అనిపించుకోవాలంటే వాడే ధాన్యంలో రై కనీసం 51 శాతం ఉండాలి, లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిల్వ చేయాలి. మిగతా 49 శాతం తయారీదారు ఇష్టం. రుచిలో తేడా అంతా అక్కడే పుడుతుంది.

మెయిన్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లగలిగే హోటల్లో దిగడం మంచిదైంది. గది చిన్నది, పార్కింగ్ రుసుము దండగ, అయినా రాత్రి కారు అవసరం పడలేదు. అదే వీధిలో 2019లో తెరిచిన మిక్టర్స్ ఫోర్ట్ నెల్సన్ డిస్టిలరీ తప్పక చూడాలి. పెన్సిల్వేనియాలోని పాత మిక్టర్స్ నుంచి వచ్చిన, విస్కీ కాచే రాగి లోహపు బట్టీలు ఇక్కడున్నాయి. రై విస్కీకి పుట్టిల్లు పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాలే కాబట్టి వాటిని దగ్గర నుంచి చూడటం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఆ సాయంత్రం బార్‌లో మూడు రై విస్కీలు కొద్దికొద్దిగా పోయించుకుని పక్కపక్కన పెట్టుకున్నాం. రిటెన్‌హౌస్‌లో రై సగానికి కాస్త ఎక్కువ, అంతే. మొక్కజొన్న తీపి ముందు తగులుతుంది, తర్వాత నారింజ తొక్క, కోకో, చివర్లో దాల్చినచెక్క. ఇది 1897 నాటి బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టానికి లోబడి తయారైనది: ఒకే డిస్టిలరీ, ఒకే సీజను, కనీసం నాలుగేళ్లు, 50 శాతం ఆల్కహాల్. వైల్డ్ టర్కీ 101లోనూ రై వాటా దాదాపు అంతే, కానీ మిరియాల ఘాటు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. 95 శాతం రై ఉన్న బులెట్ దారే వేరు. ముక్కు దగ్గర పెట్టగానే సోయకూర, పుదీనా వాసన. గొంతులో పొడిగా దిగుతుంది. నాకు కొంచెం పలచగా అనిపించింది. ధరకూ రుచికీ కలిపి చూస్తే నా ఓటు రిటెన్‌హౌస్‌కే.

బార్డ్స్‌టౌన్‌లో పాత ఇంటిని సత్రంగా మార్చిన చోట బస చేశాం. ప్రశాంతమైన ఊరు, కడుపు నిండా ఉదయపు ఫలాహారం. చీకటి పడ్డాక మాత్రం అద్దె కారు దొరకడం గగనం. డ్రైవరుతో సహా కారు ముందే మాట్లాడుకోండి. డబ్బు మిగులుతుందని తాగి నడపాలనుకోవద్దు. కెంటకీలోనే ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో బఫెలో ట్రేస్ డిస్టిలరీ పర్యటన ఉచితమే, అయితే ముందుగా నమోదు చేసుకోవాలి.

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన రై న్యూపోర్ట్‌లోని న్యూ రిఫ్ డిస్టిలరీది. 95 శాతం రై, మిగిలిన ఐదు శాతం కూడా మొలకెత్తించిన రైయే. చల్లబరిచి వడకట్టరు కనుక నీళ్లు కలిపితే గ్లాసు కాస్త మసకబారుతుంది. ఆ నీటితోనే లవంగం, పచ్చి ధాన్యం వాసన పైకి లేస్తాయి. బులెట్‌లో నాకు కనిపించని చిక్కదనం దీనికుంది. పక్క రాష్ట్రంలోని సిన్సినాటి నగరపు విమానాశ్రయం కూడా ఒహాయో నదికి కెంటకీ వైపే ఉంది కాబట్టి, తిరుగు ప్రయాణం అక్కడి నుంచి పెట్టుకుంటే న్యూపోర్ట్‌కు వేరే రోజు కేటాయించక్కర్లేదు.