కారు మీద కనూ: తాడా, బెల్టా, రాచెట్టా?

పదహారడుగుల కనూని (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కారు నెత్తిన పెట్టుకుని బయల్దేరితే, మొదటి పది నిమిషాలు రోడ్డు కంటే పైనున్న పడవ మూతి మీదే చూపు ఉంటుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే దేన్ని దేనితో కట్టామన్నది ముఖ్యం.

కనూని బోర్లించే పెట్టాలి. వెల్లకిలా పెడితే లోపల గాలి దూరి పైకి లేపుతుంది, వాన పడితే తొట్టి అవుతుంది. పైకప్పు మీది రెండు క్రాస్‌బార్ల మీద పడవ అంచులు ఆనాలి. బార్ల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే పడవ అంత తక్కువ ఊగుతుంది. బార్లు లేని కారుకి అంచులకు తొడిగే ఫోమ్ దిమ్మలు ఉన్నాయి కానీ, వాటితో కడితే బెల్టు తలుపుల్లోంచి పోనివ్వాలి. వానొస్తే ఆ బెల్టు వెంటే నీళ్లు సీట్లోకి దిగుతాయి. దగ్గరలోని చెరువు దాకా అయితే సరే, హైవే మీదికి నేనైతే ఫోమ్‌తో వెళ్లను.

ఇక అసలు పోటీ. చాలామంది మొదట చేతిలోకి తీసుకునేది రాచెట్, అంటే లివర్‌తో బిగించే బెల్టు. లివర్ ఆడిస్తుంటే టకటకా బిగుస్తుంది, చూడ్డానికి భరోసాగా ఉంటుంది. తంటా అక్కడే. అది లారీ సరుకు కోసం పుట్టిన వస్తువు, దాని బలం ముందు కనూ ఎంత! ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ‘ఇంకొక్క క్లిక్కు’ అని నేనూ ఓసారి తిప్పాను. అల్యూమినియం అంచు లోపలికి వంగింది, ఇప్పటికీ అలాగే ఉంది. కెవ్లార్ అనే తేలికైన నారతో చేసిన పల్చటి పడవైతే పగిలే ప్రమాదం కూడా ఉంది.

క్యామ్ బకిల్ బెల్టుకి, అంటే లాగిన బెల్టుని బకిలే నొక్కి పట్టుకునే రకానికి, బిగించే లివర్ ఉండదు. చేత్తో ఎంత లాగితే అంతే. ఆ పరిమితే దాని గొప్ప. పడవ నడుముకి, ఒక్కో బార్ దగ్గర ఒక్కోటి చొప్పున, ఇవి రెండు చాలు. బెల్టుకి ఒకటి రెండు మెలికలు వేయండి. లేకపోతే వేగం పెరిగాక గాలికి అదిరి కారంతా ఒకటే రొద.

మరి తాడు? నడుముకి బెల్టే మేలు గానీ మూతికీ తోకకీ తాడే నెగ్గుతుంది. లారీ డ్రైవర్లు సరుకు మీద వేసే ముడి ఇక్కడ పనికొస్తుంది. తాడు మధ్యలో ఉచ్చు వేసి, కొసని కింది హుక్కులోంచి తెచ్చి, ఆ ఉచ్చులో దూర్చి లాగడమే. ఉచ్చు కప్పీలా పనిచేస్తుంది. లెక్కకు 3 రెట్ల బలం, రాపిడి పోను తక్కువే దక్కుతుంది. అయినా చాలు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పొడిగా బిగించింది వానలో వదులవుతుంది. పాలీప్రొపిలిన్‌కి ముడి జారుతుంది. పాలిస్టర్ తీసుకోండి. మూతి నుంచి కారు ముందువైపు రెండు పక్కలకీ, తిరగేసిన ‘V’ ఆకారంలో కట్టాలి. ప్లాస్టిక్ బంపర్‌కి కాదు, టోయింగ్ హుక్కుకో బానెట్ బోల్టుకి బిగించిన బెల్టు ఉచ్చుకో కట్టండి. మూతిని కిందికి వంచేంత లాగొద్దు, ఊగకుండా ఉంటే చాలు. మిగిలిన కొసని మాత్రం వదిలేయొద్దు. చక్రం కింద పడిందంటే పడవని కిందికి గుంజేస్తుంది.

రబ్బరు సాగుడు తాళ్ల గురించి అడిగేవాళ్లకి ఒకటే జవాబు: తెడ్లు కట్టుకోండి, పడవని కాదు.

కట్టడం అయ్యాక మూతి పట్టుకుని గట్టిగా ఊపండి. కారు కూడా ఊగాలి. పడవ ఒక్కటే కదిలిందంటే మళ్లీ కట్టాల్సిందే. పది పదిహేను నిమిషాలు నడిపాక ఒకసారి ఆపి చూడండి, బెల్టులు కాస్త వదులై ఉంటాయి. దించేటప్పుడు మూతి, తోక తాళ్లు ముందు, నడుం బెల్టులు చివర. గాలి గట్టిగా ఉన్న రోజున, ఆ చివరి బెల్టు విప్పే ముందు ఒకరు పడవని పట్టుకుని ఉండాలి.