కొత్త స్విచ్చులు చూసి పాత ఇల్లు కొనకండి

పాత ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవారు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. మేము కొన్న ఇంట్లో గోడలకు కొత్త రంగు, ప్రతి గదిలోనూ మెరిసే కొత్త స్విచ్చులు ఉన్నాయి. వైరింగు అంతా ఈమధ్యే మార్పించామని అమ్మినాయన చెప్పారు, నమ్మాం. ఆయన మార్పించింది స్విచ్చులనే. గోడ లోపల ఉన్నవి ఇల్లు కట్టిననాటి తీగలు.

చేరిన మూడో వారంలో స్నానాల గదిలో హీటరు వేసిన కాసేపటికి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన బోర్డు విప్పితే స్విచ్చు వెనుక జానెడు కొత్త తీగ, దాని చివర నల్లటి టేపు. ఆ టేపు ఊడదీస్తే గుడ్డ చుట్టిన పాత రబ్బరు తీగ బయటపడింది. వేలు తగలగానే రబ్బరు పొడిపొడిగా రాలిపోయి రాగి కనిపించింది. తక్కిన బోర్డుల్లోనూ ఇదే పని. బోర్డు విప్పి చూసేవారికి సైతం కొత్త తీగే కనబడాలని చేసిన ఏర్పాటు ఇది. దీన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇది మోసమే.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మేము లైట్లు, ఫ్యాన్లు వేసి చూశాం. అన్నీ వెలిగాయి, తిరిగాయి. దానివల్ల తెలిసేది ఏమీ లేదని ఇప్పుడు అర్థమైంది. 9 వాట్ల బల్బు కంటే 2000 వాట్ల హీటరు సుమారు 220 రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వదులైన అతుకు దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును కరెంటుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి, బల్బుకు చల్లగా ఉన్న అదే అతుకు హీటరుకు దాదాపు 50,000 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అందుకే ఇల్లు చూసేటప్పుడు హీటరు లాంటి పెద్ద లోడు అరగంట నడిపించి, ఆపాక ప్లగ్గు, సాకెట్టు వేడెక్కాయేమో చూడండి.

ఇంతకంటే భయపెట్టింది ఎర్తింగు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు. మూడు రంధ్రాల సాకెట్లన్నీ చక్కగా ఉన్నాయి, కానీ వాటికి ఎర్తు తీగే లేదు. ఎర్తు పిన్నును చిన్న తీగ ముక్కతో పక్కనున్న న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) కలిపేశారు. వోల్టేజీ కొలిచే మీటరు పెట్టి చూస్తే ఫేజుకూ (కరెంటు వచ్చే తీగకూ) ఎర్తుకూ మధ్య పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఆ సాకెట్టుకు తగిలించిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల లోహపు ఒంటికి నేరుగా కరెంటు వస్తుంది. ఇంట్లో పసిపిల్లలున్నారు. తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మీటరుతో సరిపెట్టుకోకండి, సాకెట్టు విప్పించి కళ్లతో చూడండి.

ఎంసీబీల (మోతాదు మించి కరెంటు పారితే వాటంతటవే పడిపోయి ఆపేసే స్విచ్చుల) పెట్టె కూడా కొత్తదే. అందులో 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలకు 32 ఆంపియర్ల ఎంసీబీలు బిగించారు. అంత సన్నని తీగకు 10, మహా అయితే 16 ఆంపియర్లది ఉండాలి. ఎంసీబీ ముఖ్యంగా కాపాడవలసింది గోడలోని తీగను. తీగ మోయగలిగిన దానికి రెండింతలు పెట్టాక అది పడిపోయేలోపు తీగ కాలుతుంది. మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేసి ఉంటారని ఎలక్ట్రీషియన్ అన్నారు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అసలే లేదు. ఆయన 30 మిల్లీఆంపియర్లది తెచ్చి తగిలిస్తే ఒక్క క్షణం కూడా నిలవలేదు. అంత లీకేజీ ఉంది.

మీరు కొనేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను మీరే వెంట తీసుకువెళ్లండి, అమ్మేవారు గానీ బ్రోకరు గానీ చూపించిన మనిషి వద్దు. మెయిన్ ఆపించి, మెయిన్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న బోర్డు, స్నానాల గది బోర్డు, వంటగది బోర్డు, కనీసం ఒక ఫ్యాను దగ్గరి కనెక్షను విప్పించండి. బోర్డులోని తీగను కాస్త బయటికి లాగించి, టేపు అతుకు ఉందేమో చూడండి. తీగ లోపలి లోహం తెల్లగా ఉంటే అల్యూమినియం కావచ్చు. అది వేడికి వ్యాకోచించి స్క్రూల దగ్గర వదులవుతుంది, రాగితో నేరుగా కలిపిన చోట త్వరగా పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యం మెగ్గర్ పరీక్ష, అంటే తీగల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరీక్ష. ఉపకరణాలన్నీ తీసేసి 500 వోల్టులతో చేస్తారు. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఇన్సులేషన్ పోయినట్టే. మంచి తీగకు అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. బోర్డు విప్పడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఇల్లంతా రీవైరింగు చేయించాల్సి వస్తుందన్న లెక్కతోనే ధర మాట్లాడండి. ఆ లెక్కలో గోడలు తొలిచి మళ్లీ పూత పూసి రంగు వేసే ఖర్చు కూడా కలపండి. మా ఇంట్లో పాత ఇనుప పైపులు తుప్పుపట్టి తీగలు లాగినా రాలేదు, గోడలన్నీ తొలవాల్సి వచ్చింది.

ఇప్పటికే కొని చేరిపోయినవారు వాసన వచ్చేదాకా ఆగకండి. బోర్డు గోధుమరంగుకు తిరిగినా, స్విచ్చు వేసినప్పుడు చిటపటమన్నా, కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్నా ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాత ఫోను చేయండి.