కాచిన నీళ్లా, క్యాన్ నీళ్లా, క్లోరిన్ బిళ్లా: ఒంటి గది ఇంటికి ఏది మేలు?

వానలు పడితే చాలు, మా బస్తీలో వాంతులు, విరేచనాలు మొదలు. "ఏ నీళ్లు తాగమంటారు?" అన్న ప్రశ్న కూడా అప్పుడే. సంపు, ట్యాంకు, గోడకు ఆర్వో మిషన్ ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. నేను చెప్పేది ఒంటి గదిలో ఐదుగురుండి, రోజు విడిచి రోజు వచ్చే నల్లాతో గడిపేవాళ్లకు.

నీళ్లు రాని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే డ్రైనేజీ. ఎక్కడ పగులున్నా మురుగు లోపలికి దిగుతుంది. నీళ్లు వదలగానే మనం మోటార్లు పెట్టి దాన్ని ఇంకా లాగుతాం. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో ఇలా కలుషితమైన నల్లా నీళ్లకే ప్రాణాలు పోయాయి.

క్రిములను చంపడంలో కాచడాన్ని మించింది లేదు. తెర్లు పట్టాక ఒక్క నిమిషం చాలు. కానీ రోజూ పదిహేను లీటర్లు కాచాలంటే గ్యాస్ ఎక్కడిది? నెలాఖరుకు సిలిండర్ తేలికయ్యేసరికి కాచడం కాస్తా వెచ్చబెట్టడం అవుతుంది.

క్యాన్ నీళ్లు రుచిగానే ఉంటాయి. అయితే వాటిని శుద్ధి చేసే ఆర్వోలో క్లోరిన్ కూడా పోతుంది, తర్వాత క్రిమి పడితే అడ్డుకునేది ఏమీ ఉండదు. మొన్న ఒకరింట్లో చూశాను. క్యాన్ నీళ్లు బిందెలో పోశారు. దొడ్డికెళ్లొచ్చిన మూడేళ్ల పిల్లాడు చెయ్యి మణికట్టు దాకా ముంచి గ్లాసు నింపుకున్నాడు. కాచిన నీళ్లకైనా అదే గతి. అందుకే నా లెక్కలో నీళ్లు ఎక్కడ శుభ్రమయ్యాయన్నది కాదు, బిందెలోకి వచ్చాక ఏమవుతున్నాయన్నదే అసలు సంగతి.

అక్కడే క్లోరిన్ బిళ్ల గెలుస్తుంది. వేసిన అరగంటకు నీళ్లు తాగొచ్చు. మిగిలిన క్లోరిన్ బిందెలో ఇంకా పని చేస్తూనే ఉంటుంది. చాలాచోట్ల ఆశా కార్యకర్తను అడిగితే ఊరికే ఇస్తారు. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్లలో ప్యాకెట్ మీద చూసే వేయాలి. బురద నీళ్లయితే ముందు గుడ్డలో వడగట్టాలి. క్లోరిన్‌కు లొంగని క్రిములూ కొన్ని ఉన్నాయి కాబట్టి చంటిపిల్లల వరకు కాచినవే ఇవ్వండి.

క్యాండిల్ ఫిల్టరా? వారం వారం కడిగే ఓపిక ఉంటే సరే.

మా ఇంట్లో ఇప్పుడు బిందె పోయి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు బిళ్ల వేస్తాం. మా అత్తగారు మాత్రం "ఆసుపత్రి వాసన" అంటూ తన చెంబుకు కాచిన నీళ్లే పోయించుకుంటారు.